మిల్టన్ వచ్చేలోపు: ఒక నర్సింగ్ హోమ్‌ని ఖాళీ చేసిన కేస్ స్టడీ

ఫ్లోరిడాలో పినెల్లస్ కౌంటీ, అంటే సెయింట్ పీటర్స్‌బర్గ్, క్లియర్‌వాటర్ ఉండే జిల్లా అనుకోండి, అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో (మన దగ్గరలా చిన్న ప్రైవేటు ఆస్పత్రి కాదు, సొంతంగా ఉండలేని ముసలివాళ్ళు, జబ్బు మనుషులు ఉండిపోయే చోటు) ఎమర్జెన్సీ ప్లానింగ్ నా పని. నర్స్‌గా మొదలుపెట్టి ఇటు వచ్చాను కాబట్టి పేషెంట్ల సంగతీ తెలుసు, జనరేటర్ సంగతీ తెలుసు. 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ వచ్చినప్పుడు ఫోర్కాస్ట్ ఎలా చదివాం, దాన్నిబట్టి ఏ గంటకి ఏం చేశాం, తర్వాత ఏం తేలింది అన్నది ఈ రైటప్. ఈ లైన్‌లో ఉన్న మనవాళ్ళు, ముఖ్యంగా నర్సులు, ఫెసిలిటీ మేనేజర్లు చాలామందే అడిగారు. మామూలు ఇంటివాళ్ళకి పనికొచ్చే ముక్కలు కూడా మధ్యలో ఉంటాయి, ఏరుకోండి.

మా బిల్డింగ్ సంగతి ముందు. ఒకే అంతస్తు, నూరు మంది లోపు రెసిడెంట్స్, అందులో సగం మంది వీల్‌చైర్, కొందరు పూర్తిగా మంచం మీదే, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, డిమెన్షియా ఉన్నవాళ్ళు. సముద్రం మా కిటికీలోంచి కనపడదు, అందుకే కొత్తగా చేరిన ప్రతి కుటుంబమూ "ఇంత లోపల ఉన్నారు కదా, మీకేం భయం" అంటుంది. మేం ఉన్నది ఎవాక్యుయేషన్ జోన్ బి, అంటే తుఫాను వస్తే ఖాళీ చెయ్యమనే ఏరియాల్లో రెండోది.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది, అది తీర్చకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఇల్లు కొనేటప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పే ఫ్లడ్ జోన్ వేరు (ఎక్స్, ఏఈ, వీఈ అని ఉంటాయి), కౌంటీ చెప్పే ఎవాక్యుయేషన్ జోన్ వేరు (A నుంచి E దాకా, A అన్నిటికన్నా ముందు మునిగేది). మొదటిది ఇన్సూరెన్స్ లెక్క. రెండోది ఉప్పెన లెక్క, ఏ కేటగిరీ (గాలి స్పీడ్‌ని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె) తుఫాను ఏ దిక్కు నుంచి వస్తే నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో కంప్యూటర్ మీద వేలసార్లు నడిపి గీసిన గీతలు. "మాది ఫ్లడ్ జోన్ ఎక్స్, మాకు ఇన్సూరెన్సే అక్కర్లేదన్నారు" అని ఎవాక్యుయేషన్ జోన్ A లో హాయిగా కూర్చునేవాళ్ళని నేను చూశాను, ఒకళ్ళిద్దర్ని కాదు.

పినెల్లస్ ఒక ద్వీపకల్పం. పడమర గల్ఫ్, అంటే మెక్సికో గల్ఫ్ సముద్రం, తూర్పున టాంపా బే అనే అఖాతం, బయటికి పోవాలంటే ఉత్తరం వైపు రోడ్లు, లేదంటే నీళ్ళ మీద బ్రిడ్జిలు. హోవర్డ్ ఫ్రాంక్‌లాండ్, గాండీ, కోర్ట్నీ క్యాంప్‌బెల్ టాంపా వైపు తీసుకెళ్తాయి, సన్‌షైన్ స్కైవే దక్షిణానికి. గాలి నిలకడగా గంటకి 40 మైళ్ళు దాటితే బ్రిడ్జి మూసేస్తారు, స్కైవే అయితే అన్నిటికన్నా ముందే మూస్తారు. పైగా ఫ్లోరిడా పడమటి తీరం దగ్గర సముద్రం చాలా దూరం వరకు లోతు ఉండదు, తుఫాను తోసిన నీటికి కిందికి పోయే చోటు లేక ఒడ్డుకి ఎక్కుతుంది. ఇంతా చేసి, టాంపా బేకి నేరుగా పెద్ద హరికేన్ తగిలింది చివరిసారి 1921లో. 2004లో చార్లీ ఇటే వస్తుందన్నారు, పుంటా గోర్డా వైపు తిరిగింది. 2017లో ఇర్మా నీరసించి వచ్చింది. 2022లో ఇయన్ మా మీదికే అన్నారు, ఫోర్ట్ మయర్స్ వైపు పోయింది. ఇన్నిసార్లు తప్పాక ఊళ్ళో ఒకరకమైన ధీమా వచ్చేసింది, మనకేం కాదులే అని.

ఆ ధీమా సెప్టెంబర్ 26న కొంత విరిగింది. హెలీన్ మా నుంచి చాలా దూరంగా, ఉత్తరాన పెర్రీ అనే ఊరి దగ్గర కేటగిరీ 4గా తీరం దాటింది, అయినా దారిలో పక్క నుంచి పోతూనే మా బీచ్ ఊళ్ళని ముంచేసింది, పినెల్లస్‌లోనే డజను మంది చనిపోయారు. అప్పుడు మా బిల్డింగ్‌కి ఏమీ కాలేదు కానీ మా స్టాఫ్‌లో కొందరి ఇళ్ళు తడిసిపోయాయి, కార్లు పోయాయి. తడిసిన పరుపులు, ఫ్రిజ్‌లు, గోడల ముక్కలు వీధుల పక్కన గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని ఎత్తకముందే, రెండు వారాలు కూడా తిరక్కుండా మిల్టన్. కేస్ చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా లెక్కల్లో అన్నిటికన్నా బలహీనమైన అంకె బస్సు కాదు, డీజిల్ కాదు, అలిసిపోయిన మనుషులు.

శనివారం, అక్టోబర్ 5. గల్ఫ్ పడమటి మూల, మెక్సికో దగ్గర, వాయుగుండం ఏర్పడింది, సాయంత్రానికల్లా దానికి మిల్టన్ అని పేరు కూడా పెట్టేశారు. మొదటి ఫోర్కాస్ట్ నుంచే అది తూర్పుకి తిరిగి ఫ్లోరిడా పడమటి తీరానికి వస్తుందని నేషనల్ హరికేన్ సెంటర్ చెప్పింది. మామూలుగా గల్ఫ్‌లో తుఫానులు ఉత్తరానికో పడమరకో పోతాయి, పడమర పుట్టి తూర్పుకి నేరుగా రావడం అరుదు.

నేనేం చూస్తానో చెప్తా. హరికేన్ సెంటర్ ఇచ్చే అడ్వైజరీలు, అంటే తుఫాను బులెటిన్లు, రోజుకి నాలుగు, ఇక్కడి టైమ్ ప్రకారం పొద్దున 5, 11, సాయంత్రం 5, రాత్రి 11, తీరానికి వాచ్ (తుఫాను తగలొచ్చు, సిద్ధంగా ఉండండి అనే హెచ్చరిక) పెట్టాక మధ్యలో ఇంకోటి కూడా ఇస్తారు. అందరూ చూసేది తెల్ల కోన్ బొమ్మ, తుఫాను పోయే దారిని ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటులా మ్యాప్ మీద గీసింది. ఆ కోన్ చెప్పేది ఒక్కటే, తుఫాను కేంద్రం మూడింట రెండొంతుల సార్లు దాని లోపల ఉంటుంది అని. మిగతా ఒక వంతు బయటికి పోవచ్చు. తుఫాను ఎంత పెద్దదో కోన్‌లో ఉండదు, ఉప్పెన ఉండదు, వాన ఉండదు. కోన్ అంచు మీ ఇంటికి పది మైళ్ళ దూరంలో ఆగిందంటే మీరు సేఫ్ అని కాదు. హెలీన్ అప్పుడు మేం కోన్ బయటే ఉన్నాం, ఏం జరిగిందో పైన చెప్పాను.

నేను కోన్ మీద ఒక్క నిమిషం పెడతాను. అసలు టైమ్ పెట్టేది రెండిటి మీద. ఒకటి, ఫోర్కాస్ట్ డిస్కషన్, ఫోర్కాస్టర్ మామూలు వాక్యాల్లో రాసే నోట్, ఇంగ్లీషు పెద్ద కష్టంగా కూడా ఉండదు, ఎక్కడ నమ్మకం ఉందో ఎక్కడ లేదో దాచకుండా రాస్తారు. రెండోది, గాలి వచ్చే టైమ్ మ్యాప్, ట్రాపికల్ స్టార్మ్ గాలులు (గంటకి 39 మైళ్ళు పైన) మీ ఊరికి తొందరగా వస్తే ఎన్నింటికి రావచ్చు అని చూపించేది. నా పనికి ఈ రెండో బొమ్మే గడియారం. తుఫాను ఎక్కడ తీరం దాటుతుంది అన్న ప్రశ్నకి సమాధానం వచ్చేసరికి మా బ్రిడ్జిలు మూసేసి ఉంటారు. నేను అడగాల్సిన ప్రశ్న ఆఖరి బస్సు ఎన్నింటికి బ్రిడ్జి దాటాలి అని.

ఆదివారానికి ఆ మ్యాప్ మా ఏరియాకి బుధవారం పొద్దున అని చూపించింది. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాం. బుధవారం పొద్దున గాలి అంటే మంగళవారం రాత్రికి రోడ్ల మీద ఎవరూ ఉండకూడదు. ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి మంగళవారం మధ్యాహ్నానికి ఆఖరి బస్సు కదలాలి. ఒక వీల్‌చైర్ బస్సు నింపడానికి గంటకి పైనే పడుతుంది, ప్రతి చైర్‌నీ లిఫ్ట్ మీద ఎక్కించి, నాలుగు మూలలా బెల్టులు బిగించాలి, కాబట్టి మొదటి బస్సు మంగళవారం తెల్లవారుజామునే మొదలవ్వాలి. అంటే మందులు, చార్టులు, బట్టలు సోమవారం రాత్రికే సర్దేసి ఉండాలి. అంటే వెళ్తున్నామా ఉంటున్నామా అన్నది ఆదివారమే తేలిపోవాలి. అప్పటికి మిల్టన్ ఇంకా కేటగిరీ 1, తీరానికి వాచ్ కూడా పెట్టలేదు, బయట ఎండ కాస్తోంది.

ఉండటమా వెళ్ళటమా అన్నది తేలిక ప్రశ్న కాదు, ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. ముసలివాళ్ళని, అందులోనూ జబ్బు మీదున్నవాళ్ళని కదిలించడమే ఒక ప్రమాదం. కొత్త చోటు, కొత్త మొహాలు, గంటల తరబడి బస్సులో ఒకే పొజిషన్, డిమెన్షియా ఉన్నవాళ్ళకి మతి పూర్తిగా చెదిరిపోతుంది, పుండ్లు పడతాయి, నీళ్ళు తాగరు. తుఫాను వల్ల కన్నా తరలింపు వల్లే ఎక్కువ నష్టపోయిన నర్సింగ్ హోమ్‌లు ఉన్నాయి. అలాగని ఉండిపోయి చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. 2017లో ఇర్మా తర్వాత హాలీవుడ్ అనే ఊళ్ళో (అదే, ఫ్లోరిడాలో ఉన్న హాలీవుడ్) ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీకి కరెంట్ పోయింది, ఎదురుగానే ఆస్పత్రి ఉంది, అయినా ఆ వేడికి 12 మంది చనిపోయారు. ఆ తర్వాత రాష్ట్రం చట్టం తెచ్చింది, ప్రతి నర్సింగ్ హోమ్‌లో జనరేటర్ ఉండాలి, రెసిడెంట్స్ అందరూ పట్టే చోటు ఒకటి 96 గంటల పాటు 81 డిగ్రీల ఫారన్‌హీట్ (మన లెక్కలో 27 సెల్సియస్) దాటకుండా ఉంచగలగాలి.

మాకా జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, ఏటా టెస్ట్ చేస్తాం. గాలి ఒక్కటే అయితే ఉండేవాళ్ళం, గోడలు గట్టివి, కిటికీలకి షట్టర్లు ఉన్నాయి. కానీ జనరేటర్ ఉన్నది నేల మీద, కాంక్రీట్ దిమ్మ మీద. రెండు మూడు అడుగుల నీళ్ళు లోపలికి వస్తే జనరేటర్ పోతుంది, జనరేటర్ పోతే ఆక్సిజన్ మెషిన్లు పోతాయి, ఏసీ పోతుంది, పైకి ఎక్కించడానికి రెండో అంతస్తు లేదు. అందుకే మా ప్లాన్‌లో గాలి స్పీడ్ ఎంత అన్న గడి కింద ఏ నిర్ణయమూ రాసి లేదు, ఉప్పెన ఎన్ని అడుగులు అన్న గడి కిందే రాసి ఉంది. మా ఫ్లోర్ ఎత్తు సర్వే సర్టిఫికెట్‌లో ఉంటుంది, అది సముద్ర మట్టం నుంచి లెక్క, ఫోర్కాస్ట్ చెప్పే ఉప్పెనేమో నేల మీద ఎన్ని అడుగుల నీళ్ళు నిలుస్తాయన్నది, రెండిటి కొలతా ఒకటి కాదు, నేరుగా పోల్చకూడదు. ఈ మార్పిడి లెక్క మేం ఏప్రిల్‌లోనే, ఎండాకాలం ప్రశాంతంగా ఉన్నప్పుడు, చేసి కాగితం మీద పెట్టుకున్నాం, తుఫాను వారంలో ఎవరి బుర్రా పనిచెయ్యదు.

ఆదివారం సాయంత్రం అడ్మినిస్ట్రేటర్, నర్సింగ్ డైరెక్టర్, నేను కూర్చుని వెళ్ళడమే అని తేల్చాం. సోమవారానికి కౌంటీ ఆర్డర్ కూడా వచ్చేసింది, ఏ, బి, సి జోన్లు అన్నీ ఖాళీ చెయ్యాలని. ఆ ఆర్డర్ కింద ఆరు ఆస్పత్రులు, 25 నర్సింగ్ హోమ్‌లు, 44 అసిస్టెడ్ లివింగ్‌లు (కాస్త సాయం కావాల్సిన పెద్దవాళ్ళు ఉండే చోట్లు), అన్నీ కలిపి సుమారు 6,600 మంది. ఆ అంకె విన్నాక నాకు మొదట తట్టింది బస్సులు. ఊళ్ళో వీల్‌చైర్ బస్సులున్న కంపెనీలు కొన్నే, అందరి కాంట్రాక్టులూ ఆ కొద్దిమందితోనే. కాగితం మీద ప్రతి నర్సింగ్ హోమ్‌కీ బస్సులున్నాయి, రోడ్డు మీద మాత్రం అవే బస్సులు. ఆర్డర్ రాకముందే ఫోన్ చేసి టైమ్ స్లాట్ రాయించుకున్నాం కాబట్టి మా బస్సులు మాకు దక్కాయి.

సోమవారం ఏం జరిగిందో అందరికీ తెలుసు. మిల్టన్ ఒక్క రోజులో కేటగిరీ 1 నుంచి 5కి ఎగబాకింది, గాలి గంటకి 180 మైళ్ళు, ప్రెజర్ 900 మిల్లీబార్ల కిందికి పోయింది (ప్రెజర్ ఎంత తక్కువైతే తుఫాను అంత బలం). అట్లాంటిక్ రికార్డుల్లో ఇంత తక్కువ ప్రెజర్ చూసిన తుఫానులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టాంపా మేయర్ టీవీలో ఆ జోన్లలో ఉండిపోతే చచ్చిపోతారని మొహమాటం లేకుండా చెప్పేసింది. ఉప్పెన ఫోర్కాస్ట్ ముందు 8 నుంచి 12 అడుగులు అన్నారు, తర్వాత 10 నుంచి 15. ఆ రోజు నా ఫోన్ ఆగలేదు. వైజాగ్ నుంచి అన్నయ్య, "ఏమ్మా, టీవీలో మీ ఊరే చూపిస్తన్నారు, హుద్‌హుద్ కంటే పెద్దదంట కదా, అక్కడేం చేస్తన్నావు, వచ్చెయ్" అని. 2014లో హుద్‌హుద్ వైజాగ్ మీదే తీరం దాటింది, ఆ రాత్రి అన్నయ్య వాళ్ళు బాత్రూంలో కూర్చుని గడిపారు, వాళ్ళకి గాలి అంటే ఏంటో తెలుసు. ఒక చిన్న విషయం, ఇండియాలో గాలి స్పీడ్ మూడు నిమిషాల సగటు, అమెరికాలో ఒక నిమిషం సగటు, ఒక నిమిషం లెక్కలో అంకె కాస్త పెద్దగా వస్తుంది, కాబట్టి రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏది పెద్దది అనకూడదు. అన్నయ్యకి ఇదంతా చెప్పే ఓపిక ఆ రోజు లేదు, వెళ్తున్నాం లే అన్నయ్యా అని పెట్టేశాను.

180 అన్న అంకె మా ప్లాన్‌లో ఏం మార్చింది అంటే, ఏమీ మార్చలేదు. మేం అప్పటికే కదులుతున్నాం. నేను చూసింది డిస్కషన్‌లో ఇంకో ముక్క, తీరానికి వచ్చేటప్పటికి పైన గాలుల కోత వల్ల తుఫాను బలం తగ్గుతుంది, కానీ గాలుల వెడల్పు బాగా పెరుగుతుంది, అందువల్ల ముప్పు తగ్గినట్టు కాదు అని రాశారు. మంగళవారం కొందరు కుటుంబసభ్యులు "కేటగిరీ తగ్గుతోందంట కదా, ఇంకా తీసుకెళ్ళాలా" అని అడిగితే ఇదే చెప్పాను. కేటగిరీ అంటే గాలి స్పీడ్ ఒక్కటే, నీళ్ళకీ దానికీ సంబంధం వదులుగా ఉంటుంది. సన్నగా ఉన్న కేటగిరీ 5 కంటే వెడల్పుగా ఉన్న కేటగిరీ 3 ఎక్కువ తీరాన్ని ముంచగలదు.

ఇంకో ప్రశ్న కూడా చాలామంది అడిగారు, ఇయన్ అప్పుడు కూడా ఇలాగే అన్నారు కదా, పక్కకి పోయింది కదా అని. ఇయన్ దక్షిణం నుంచి తీరానికి దాదాపు సమాంతరంగా వచ్చింది, అలా వచ్చే తుఫాను కొంచెం కుడికి ఒరిగితే చాలు, తగిలే చోటు వంద మైళ్ళు జరిగిపోతుంది. మిల్టన్ పడమర నుంచి తీరానికి అడ్డంగా వస్తోంది, దారి ఇరవై మైళ్ళు తప్పితే తగిలే చోటు కూడా ఇంచుమించు అంతే తప్పుతుంది. కాబట్టి మా ఏరియాలోనే ఎక్కడో తగులుతుందన్న నమ్మకం ఎక్కువ. అయితే మా దగ్గర ఆ ఇరవై మైళ్ళే అంతా తేల్చేస్తుంది. హరికేన్ చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది, కేంద్రం బే నోటికి (బే సముద్రంలో కలిసే చోటుకి) ఉత్తరంగా తగిలితే గాలి సముద్రాన్ని లోపలికి తోస్తుంది, దక్షిణంగా తగిలితే బేలో నీళ్ళని బయటికి ఊడ్చేస్తుంది. రెండు రోజుల ముందు ట్రాక్ ఫోర్కాస్ట్‌లో సగటు తప్పు దీనికంటే ఎక్కువే ఉంటుంది. అంటే మనం బస్సు ఎక్కాల్సిన టైమ్‌కి పది అడుగుల నీళ్ళు వస్తాయా, బే ఎండిపోతుందా అన్నది ఎవరూ చెప్పలేరు. చెప్పగలమన్న యూట్యూబ్ వాళ్ళు ఉన్నారు, రంగు రంగుల గీతలు వేసి యూరోపియన్ మోడల్ ఇలా అంది, అమెరికన్ మోడల్ అలా అంది అని, మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ మూడు రోజులూ అవే ఫార్వర్డ్‌లు. తుఫానుని గవర్నమెంటే తయారుచేసి వదిలిందన్న వీడియోలు కూడా వచ్చాయి, వాటి గురించి నేనేమీ అనను.

సర్దడం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఫోర్కాస్ట్ బాగా చదివినవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు. డయాలసిస్ వాళ్ళని ముందు తేల్చాం, సెంటర్‌తో మాట్లాడి సోమవారమే అందరికీ ఒక ఎక్స్‌ట్రా సెషన్ చేయించాం, తుఫాను తర్వాత సెంటర్ ఎప్పుడు తెరుస్తుందో చెప్పలేం కాబట్టి. తర్వాత ఆక్సిజన్, గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ మెషిన్ కరెంట్ మీద నడుస్తుంది, బస్సులో సిలిండర్ కావాలి, ఒక్కొక్కరికీ మామూలు ప్రయాణం టైమ్‌కి మూడింతలు సరిపడేలా పెట్టాం. ఇన్సులిన్‌కి కూలర్ బాక్సులు. మందుల చార్టులు అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి, అవతలి చోట మన లాగిన్ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు, అందుకే ప్రతి ఒక్కరిదీ కాగితం మీద ప్రింట్ తీసి, ఫోటోతో సహా, జిప్ కవర్‌లో పెట్టి వాళ్ళ చైర్‌కే కట్టాం. చేతికి పట్టీ, దాని మీద పేరు, అలర్జీ, డైట్. డైట్ ఎందుకంటే మెత్తగా చేసిందే మింగగలిగేవాళ్ళకి కంగారులో ఎవరైనా బిస్కెట్ చేతిలో పెడితే గొంతులో అడ్డం పడుతుంది. డైపర్లు, గ్లవ్స్, మంచినీళ్ళు, పరుపులు వేరే ట్రక్కులో, బస్సుల కంటే ముందే పంపాం, మనుషులు దిగేటప్పటికి మంచాలు వేసి ఉండాలి.

డిమెన్షియా ఉన్నవాళ్ళకి రోజూ చూసే నర్సింగ్ అసిస్టెంట్‌నే పక్క సీట్లో కూర్చోబెట్టాం. ఈ ఒక్క పని మందుల కంటే బాగా పనిచేసింది.

స్టాఫ్ దగ్గరికొస్తే, హెలీన్‌కి ఇల్లు పోయినవాళ్ళని మళ్ళీ రమ్మనడానికి నోరు రాదు, కానీ రావాలి. మా రూల్ ఏంటంటే వచ్చేవాళ్ళు పిల్లల్ని, అమ్మానాన్నల్ని, కుక్కని కూడా వెంట తెచ్చుకోవచ్చు. కొందరు మేనేజర్లకి ఇది నచ్చదు, అదేమన్నా సత్రమా అంటారు. నేను ఒప్పుకోను, ఇంటి దగ్గర పిల్లలు ఎలా ఉన్నారో తెలియని నర్స్ డ్యూటీలో ఉన్నా లేనట్టే. రెండు టీములు చేశాం, ఒకటి తుఫాను దాటేదాకా, రెండోది గాలి తగ్గాక వచ్చి వాళ్ళని ఇంటికి పంపేది.

వెళ్ళింది లేక్‌ల్యాండ్ వైపు, పోక్ కౌంటీలో, ఏ ఉప్పెన జోన్‌లోనూ లేని ఒక ఫెసిలిటీకి. ఫ్లోరిడా ఎమర్జెన్సీ వాళ్ళు ఎప్పుడూ చెప్పేదే, వందల మైళ్ళు పోనక్కర్లేదు, పదుల మైళ్ళు చాలు. నీళ్ళ నుంచి దూరంగా పోవాలి, గాలికైతే గట్టి గోడల వెనక ఉంటే సరిపోతుంది. టాంపాకి ఉత్తరాన న్యూ టాంపా, వెస్లీ చాపెల్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు, అక్కడ ఎక్కువ భాగం ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లోనూ రాదు, కొత్త ఇళ్ళు, అయినా భయపడి అట్లాంటాకి బయల్దేరి ఐ-75 మీద గంటల తరబడి ఇరుక్కుని, బంకుల్లో పెట్రోల్ దొరక్క నానా తిప్పలు పడ్డారు. వాళ్ళు రోడ్డెక్కడం వల్ల నిజంగా బీచ్ నుంచి బయటపడాల్సినవాళ్ళకి కూడా రోడ్డు తగ్గిపోతుంది. హైవే షోల్డర్ల (రోడ్డు పక్క అంచు లైన్ల) మీద కూడా బండ్లు వదిలారు, టోల్స్ ఎత్తేశారు, అయినా మంగళవారం మా బస్సులకి మామూలుగా గంటంబావు పట్టే దారి దానికి మూడింతలు పట్టింది. సిలిండర్ల లెక్క అందుకే.

ఒక కుటుంబం వాళ్ళ అమ్మమ్మని తామే తూర్పు తీరానికి, ఫోర్ట్ పియర్స్ వైపు, తీసుకెళ్తామన్నారు, తుఫాను పడమర నుంచి కదా, అటు వెళ్తే దూరం కదా అని. వద్దని గట్టిగా చెప్పలేను, వాళ్ళ హక్కు అది. కానీ అక్కడ బంధువులది మొబైల్ హోమ్ అని తెలిసి, దాని మీద మాత్రం వాదించాను, చివరికి మాతోనే పంపారు. బుధవారం మధ్యాహ్నం, తుఫాను తీరం దాటడానికి గంటల ముందే, దాని బయటి వాన పట్టీల్లో టోర్నడోలు పుట్టాయి, ఫ్లోరిడా మొత్తం మీద ఆ ఒక్క రోజే వందకి పైగా టోర్నడో వార్నింగ్‌లు. ఫోర్ట్ పియర్స్ దగ్గర, సెయింట్ లూసీ కౌంటీలో, రిటైరైనవాళ్ళు ఉండే ఒక మొబైల్ హోమ్ కాలనీలో ఆరుగురు చనిపోయారు. కోన్ బొమ్మలో ఇది ఎక్కడా ఉండదు, కానీ స్థానిక వెదర్ ఆఫీసులు ఆ ముప్పు ముందురోజే రాశాయి.

బుధవారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మిల్టన్ సియెస్టా కీ దగ్గర, సారసోటా పక్కన, కేటగిరీ 3గా తీరం దాటింది. బే నోటికి దక్షిణంగా. ఉప్పెన సారసోటా, వెనిస్ వైపు పోయింది, టాంపా బేలో నీళ్ళు వెనక్కి పోయి అడుగు బురద బయటపడింది.

నీళ్ళు మాత్రం వేరే దారిన వచ్చాయి, పైనుంచి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకి పైగా వాన, అంటే 450 మిల్లీమీటర్ల పైన, అందులో ఒక్క గంటలోనే ఐదు అంగుళాలు. ఈదురుగాలి గంటకి 100 మైళ్ళు దాటింది. బేస్‌బాల్ స్టేడియం ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు చిరిగి పేలికలైంది, అందులో ముందు సహాయక సిబ్బంది కోసం మంచాలు వేసి, తర్వాత ఎందుకైనా మంచిదని ఖాళీ చేయించారు. డౌన్‌టౌన్‌లో కన్‌స్ట్రక్షన్ క్రేన్ ఒకటి విరిగి ఆఫీస్ బిల్డింగ్ మీద పడింది. మెయిన్ పైపు పగిలి సిటీ వాళ్ళు నీళ్ళ సప్లయ్ ఆపేశారు, తర్వాత వచ్చిన నీళ్ళు కాచుకుని తాగమన్నారు. రాష్ట్రంలో 30 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంట్ పోయింది.

మేం వెళ్ళిన చోట కూడా కరెంట్ పోయింది, వాళ్ళ జనరేటర్ మీదే నడిచాం. గోడలు నిలబడ్డాయి, పార్కింగ్‌లో నీళ్ళు నిలిచాయి, అంతే.

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఉప్పెన రాలేదు కదా, మీరు అనవసరంగా ఖాళీ చేశారా? నా సమాధానం రెండు ముక్కలు. మొదటిది, ఆదివారం మా చేతిలో ఉన్న సమాచారంతో నిర్ణయాన్ని చూడాలి, గురువారం తెలిసినదానితో కాదు. ఇరవై ముప్పై మైళ్ళు ఉత్తరంగా తగిలి ఉంటే మా జనరేటర్ నీళ్ళలో ఉండేది. రెండోది, మా బిల్డింగ్‌లోనే ఉండి ఉంటే ఏమయ్యేదో తర్వాత లెక్క కట్టాం. గాలికి రూఫ్ ఒక మూల లేచి రెండు గదులు తడిశాయి, కరెంట్ రోజుల తరబడి లేదు, జనరేటర్ తట్టుకునేది. తట్టుకోలేనిది మంచినీళ్ళు. మా దగ్గర తాగడానికి నిల్వ ఉంది, కానీ టాయిలెట్లకి, వంటకి, మంచం మీదే ఉన్నవాళ్ళని శుభ్రం చెయ్యడానికి రోజూ ఎన్ని నీళ్ళు కావాలో ఒకసారి ఊహించుకోండి. ఉప్పెన గురించి వెళ్ళాం, నీళ్ళ కొళాయి గురించి వెళ్ళడం సరైందని తేలింది.

అలాగని ఊరికే పోలేదు, దానికి ఖర్చు ఉంది, అది కూడా రాయాలి. ఇద్దరికి పుండ్లు ముదిరాయి. ఒకావిడ రాత్రిపూట లేచి మా ఇల్లేదని వెతుక్కుంటూ పడిపోయింది, ఎముక విరగలేదు కానీ నెల దాటినా నడక మళ్ళీ అంతకుముందులా రాలేదు. డిమెన్షియా ఉన్న కొందరు తిరిగొచ్చాక కూడా సొంత గదిని గుర్తుపట్టడానికి చాలా రోజులు పట్టింది. కాబట్టి ఎవరైనా "అనుమానం వస్తే ఖాళీ చేసెయ్యండి" అని సలహా ఇస్తే నేను ఒప్పుకోను. నీళ్ళు వచ్చే చోటైతే వెళ్ళాలి, గాలి మాత్రమే అయితే, బిల్డింగ్ గట్టిదైతే, మంచినీళ్ళ ఏర్పాటు ఉంటే, ఉండటమే మేలు.

తిరిగి రావడానికి కరెంట్ వస్తే చాలదు. నీళ్ళు కాచుకోమన్న నోటీసు ఎత్తెయ్యాలి, ఫైర్ అలారం, స్ప్రింక్లర్ చెక్ చెయ్యాలి, వంటింట్లో పాడైన సరుకు పారెయ్యాలి, తడిసిన గదుల్లో బూజు టెస్ట్ చెయ్యాలి. రోడ్లు ఒక సమస్య, తుఫాను వెళ్ళిపోయి ఎండ కాస్తున్నా అలాఫియా, హిల్స్‌బరో నదులు తర్వాతి రోజుల్లో పొంగాయి, బస్సు దారిని నదుల గేజ్, అంటే నీటిమట్టం, చూసి మార్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో బాగా నీరసంగా ఉన్నవాళ్ళని ఆఖర్న తెచ్చాం, వెళ్ళేటప్పుడు పగటిపూట మొదట పంపింది వాళ్ళనే.

ఇప్పుడు ప్లాన్‌లో మార్చినవి. బస్ కాంట్రాక్టులో ఒక లైన్ చేర్పించాం, ఇంకెన్ని ఫెసిలిటీలకి ఇవే బస్సులు మాటిచ్చారో ప్రతి జూన్ 1 లోపు, అంటే సీజన్ మొదలయ్యేలోపు, రాసివ్వాలని. ఉండిపోయే కేసుకి వాడుక నీళ్ళ ట్యాంకు పెట్టించడానికి బడ్జెట్ అడిగాం, సగం వచ్చింది. జనరేటర్‌ని ఎత్తు ప్లాట్‌ఫామ్ మీదికి మార్చే కొటేషన్ మాత్రం ఇంకా ఓనర్ల టేబుల్ మీదే ఉంది, అంకె చూసి ఎవరూ సంతకం పెట్టట్లేదు. ప్రతి మీటింగ్‌లో అడుగుతూనే ఉన్నాను.